దూదేకుల జిలాన్ బాషా గిటార్

1969లో ఒక బొంబాయి ఇంగ్లీషు పత్రికలో మా అన్న ఫోటో పడింది. ఫోటో అంటే మనిషంతా కాదు. ఎడమ మోచెయ్యి, గిటార్ కొస, ఒక బూటు. మధ్యలో కెన్నెత్ జుట్టు ఎగరేస్తూ నిలువెత్తున ఉన్నాడు. వెనక డ్రమ్ముల మధ్య పొన్నప్ప పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. మా అన్న ఎడమ అంచున, ఫోటోను కత్తిరించిన చోట ఆగిపోయాడు. కింద వేసిన పేర్లలో ఆయన పేరు లేదు. మా అమ్మ దాదాబీకి చదువు రాదు కాబట్టి పేర్ల సంగతి పట్టించుకోలేదు. మోచేతి మీద కాలిన మచ్చ చూసి, "ఇదో, నా కొడుకు" అంది.

మా అన్న పేరు జిలాన్ బాషా. నాకంటే మూడేళ్ళు పెద్ద. బెంగుళూరులో దండు అని పిలిచే కంటోన్మెంట్ ప్రాంతంలో 'గ్లాస్ ట్రెయిన్' అనే బృందంలో రిథమ్ గిటార్ వాయించేవాడు. కెన్నెత్ పాడుతూ లీడ్ గిటార్ వాయిస్తాడు, జనం చప్పట్లు దానికే. ఆ వాయింపు కింద పాట పొడుగునా ఒకే నడకతో తీగలన్నీ కలిపి మోగించే పని మా అన్నది. వాళ్ళు వాయించేదాన్ని సైకడెలిక్ రాక్ అనేవారు. అదేమిటని నేను ఉత్తరం రాస్తే, "ఎండాకాలం రోడ్డు మీద దూరంగా నీళ్ళు కనపడ్తాయి సూడు పాపా, దగ్గరికి పోతే ఉండవు, ఆ మాదిరి పాట" అని జవాబు రాశాడు. నాకు అర్థమైంది. మా వైపు పుట్టినవాళ్ళెవరికైనా అర్థమవుతుంది.

మేము దూదేకులవాళ్ళం. మా నాయన కరీం సాబ్ ఏకువిల్లు భుజాన వేసుకుని ముదిగుబ్బ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఆ విల్లు మనిషంత పొడుగుంటుంది. దాని నారిని చెక్క గుండుతో కొడితే ఝుమ్మని అదురుతుంది. ఆ అదురుకు గడ్డకట్టిన దూది విడిపోయి పొగలా పైకి లేస్తుంది. నాయన వరసగా మూడు దెబ్బలు కొట్టి, ఒక్క క్షణం ఆగేవాడు. ఆ క్షణంలో విల్లు కొసతో దూదిని తిరగేసి మళ్ళీ మూడు దెబ్బలు. రోజంతా అదే. మేము ఆ చప్పుడులోనే నిద్రపోయాం, ఆ చప్పుడులోనే అన్నం తిన్నాం.

1952 కరువులో ఆ చప్పుడు ఆగిపోయింది. గంజి కేంద్రం ముందు గిన్నె పట్టుకుని నిలబడినవాళ్ళకు పరుపులెందుకు? మా అమ్మ కూడా అదే వరసలో నన్ను చంకనేసుకుని నిలబడింది. ఒకరోజు నాయన విల్లు తీసి తుడిచి, "గుంతకల్లు పోదాం. కరువొచ్చినా రైలోళ్ళు పండుకోకుండా ఉంటారా?" అన్నాడు. అలా ముదిగుబ్బ వదిలి రైలెక్కాం.

నాయన లెక్క తప్పలేదు. గుంతకల్లులో డ్రైవర్లు, గార్డులు పడుకునే రన్నింగ్ రూముల్లో పరుపులకు కొదవ లేదు. ఏడాది పొడుగునా పాతవి విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టే పని. అన్నకు పదమూడేళ్ళు వచ్చేసరికి నాయనకు దూది దుమ్ముతో ఆయాసం పట్టుకుంది. విల్లు అన్న చేతికొచ్చింది.

యేసన్న మా జీవితంలోకి వచ్చింది అప్పుడే. ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. మనిషి నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉండేవాడు. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర కొన్న పాత గిటార్ ఒకటి ఆయనకుండేది. ఆదివారం చర్చిలో దాన్ని వాయించేవాడు. ఒకరోజు డ్యూటీ దిగి రన్నింగ్ రూము అరుగు మీద చతికిలబడి, ఎదురుగా దూది ఏకుతున్న అన్నను చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, దూది ఏకుతాండావా, పాట కొడ్తాండావా?" అని అడిగాడు.

"దూదేనన్నా."

"మూడు కొట్టి ఆపుతాండావే, ఎవురు నేర్పించినారు?"

"నాయన అట్లే కొడ్తాడు."

యేసన్న లోపలికి వెళ్ళి గిటార్ తెచ్చి అన్న ఒళ్ళో పెట్టాడు. ఎడమచేతి మూడు వేళ్ళు తీసి తీగల మీద ఒక పట్టులో ఉంచి, "గట్టిగా నొక్కు. ఇప్పుడు కుడిచేత్తో దూది ఏకు" అన్నాడు.

అన్న మూడు దెబ్బలు వేసి, ఆగి, మళ్ళీ వేశాడు. అరుగు మీద పడుకుని ఉన్న ఒక గార్డు లేచి కూర్చున్నాడని యేసన్న తర్వాత చాలాసార్లు చెప్పేవాడు. ఆ గార్డు లేచింది పాటకో, నిద్ర చెడినందుకో మాకు తెలీదు. అన్న మాత్రం ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా వేళ్ళ కొసల మీద పడిన గీతలు చూసుకుంటూ కూర్చున్నాడు.

అయిదేళ్ళపాటు యేసన్నకు సెలవు దొరికినప్పుడల్లా అన్న ఆయన క్వార్టర్‌లోనే. యేసన్నకు తెలిసిన పట్టులు పదకొండు. అవి రెండేళ్ళలో అయిపోయాయి. మిగతావి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆంగ్లో ఇండియన్ల డాన్సులు జరిగేటప్పుడు కిటికీలోంచి వాళ్ళ వేళ్ళు చూసి పట్టుకున్నాడు. నాయన చూస్తూ ఊరుకున్నాడు. విల్లు పని ఆగనంతవరకూ ఆయనకు అభ్యంతరం లేదు.

1964లో ఆగింది. ఇన్‌స్టిట్యూట్‌లో ఒక గార్డు కూతురి పెళ్ళి. యేసన్న వాయించడానికి వెళుతూ అన్నను తోడు తీసుకెళ్ళాడు. మా పెరట్లో రైల్వే పరుపుల దూదంతా ఆరబోసి ఉంది. దాన్ని చూసుకోవాల్సింది అన్న. నాయన బజారుకెళ్ళాడు, అమ్మ ముదిగుబ్బలో పుట్టింటికి వెళ్ళింది, నేను బడిలో ఉన్నాను. ఆ మధ్యాహ్నం ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి వాన పడింది. వీధి వీధంతా బయటికొచ్చి తడుస్తోంది. ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుంటున్నారు, పిల్లలు బురదలో దొర్లుతున్నారు. నేను పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చేసరికి నాయన ఒక్కడే పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని తడిసిన దూదిని గంపలోకి ఎత్తుతున్నాడు. ఊరంతా నవ్వుతున్న వానలో ఏడుపు మొహంతో కనిపించిన మనిషి ఆయనొక్కడే.

అన్న వచ్చాడు. నాయన అరవలేదు. ఆయాసం తగ్గేదాకా ఆగి అడిగాడు.

"నీకు ఆ తీగలు కావల్లనా, ఈ నారి కావల్లనా? ఒగటి చెప్పు."

"రెండూ ఒగటే మాదిరి ఉంటాయి నాయనా నాకు."

"అట్లయితే నీకు రెండూ తెల్దు."

తర్వాత నాలుగున్నర ఏళ్ళు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

మూడో రోజు అన్న శెనక్కాయల మూటల లారీ ఎక్కి బెంగుళూరు వెళ్ళిపోయాడు. సోమందేపల్లె దగ్గర లారీ టీకి ఆగిందట. మిట్టమధ్యాహ్నం. ముందున్న రోడ్డంతా చెరువు నిండినట్టు మెరుస్తోంది. లారీ కదిలితే చెరువు కూడా అంతే దూరం వెనక్కి జరిగింది. "చిన్నప్పట్నుంచి చూసిందే పాపా, కానీ ఆ పొద్దు అది నన్ను పిల్సుకొని పోతాన్నట్ల అనిపించింది" అని రాశాడు.

బెంగుళూరు శివాజీనగర్‌లో కుందుర్పి నుంచి వెళ్ళి స్థిరపడిన గౌస్ పీర్ అనే మాకు దూరపు చుట్టం రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకుని ఉన్నాడు. అన్న అక్కడ చేరాడు. టంకం వేయడం, వాల్వులు మార్చడం నేర్చుకున్నాడు. రెండేళ్ళకు ఒక వడ్రంగి చేత పనస చెక్కతో గిటార్ ఆకారం కోయించి, అయస్కాంతాలకు సన్న రాగితీగ చుట్టి, తన ఎలక్ట్రిక్ గిటార్ తానే చేసుకున్నాడు.

ఆ అంగడికి ఒకరోజు పాడైపోయిన ఆంప్లిఫయర్ పట్టుకుని కెన్నెత్ వచ్చాడు. తండ్రి మిలిటరీ లెక్కల ఆఫీసులో పనిచేసే ఆంగ్లో ఇండియన్ కుర్రాడు. వెంట కొడగు నుంచి కాలేజీ చదువుకు వచ్చిన పొన్నప్ప. అన్న ఆ ఆంప్లిఫయర్ బాగుచేసి, పనిచేస్తుందో లేదో చూడడానికి తన పనస గిటార్ దానికి తగిలించి నాలుగుసార్లు మోగించాడు. పొన్నప్ప అంగడి బల్ల మీద చేతులతో దరువు అందుకున్నాడు. కెన్నెత్, "ఆ మధ్యలో ఎందుకు ఆపుతున్నావు?" అని అడిగాడు.

"దూది తిరగేసేకి" అన్నాడు అన్న. వాళ్ళకు అర్థం కాలేదు. అయినా ఆ ఆదివారం నుంచే రమ్మన్నారు.

అన్న బృందంలో 'బాష్' అయ్యాడు. బేస్ గిటార్ వాయించే మనిషి నెలకొకడు మారేవాడు గానీ ఈ ముగ్గురూ మారలేదు. మొదట్లో విదేశీ రికార్డుల పాటలే వాయించేవారు. తర్వాత సొంత పాటలు కట్టారు. అన్న సోమందేపల్లె రోడ్డు సంగతి చెబితే కెన్నెత్ దాన్ని ఇంగ్లీషులో పాటగా రాశాడు. నడిచే చెరువు అని దాని పేరుకు అర్థం. పన్నెండు నిమిషాల పాట. అందులో లీడ్ గిటార్ ఎక్కడెక్కడికో వెళ్ళి దారి తప్పి తిరిగొస్తుంది. కింద మా నాయన మూడు దెబ్బలు, ఒక ఆగుడు మాత్రం మొదటి నుంచి చివరిదాకా అలాగే ఉంటాయి.

1968లో మా అమ్మ ఇక ఉండలేక, గౌస్ పీర్ కూతురికి చెవులు కుట్టిస్తున్నారని నాయనతో చెప్పి నన్ను తీసుకుని బెంగుళూరు బయల్దేరింది. కొడుకు కోసం ముదిగుబ్బలో మా మామ గానుగాడించిన శెనక్కాయల నూనె డబ్బా ఒకటి మోసుకొచ్చింది. ఆదివారం పొద్దున పదింటికి దండులో ఒక హాల్లో అన్నవాళ్ళ ఆట. రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్ళాం, నెత్తిన కొంగులతో, నూనె డబ్బాతో. గుమ్మం దగ్గర పొడుగు జుట్టు కుర్రాళ్ళు, గళ్ళ గౌన్ల అమ్మాయిలు మాకు దారి ఇచ్చారు. ఎవరూ నవ్వలేదు. అమ్మ ఆ సంగతి ఎన్నాళ్ళో చెప్పుకుంది.

లోపల గౌస్ పీర్ మామ తలపాగా, గడ్డంతో ఒక స్లైడ్ల లాంతరు దగ్గర కూర్చుని తలపట్టుకున్నాడు. రెండు గాజు పలకల మధ్య నూనె, రంగు నీళ్ళు పోసి లాంతరులో పెడితే, దీపం వేడికి రంగులు కదిలి వెనక గోడ మీద పెద్దగా పడతాయి. పాటకు అదొక హంగు. ఆ పొద్దున నూనె సీసా ఒలికిపోయిందట.

"ఏం నూనె కావల్లన్నా?" అని అడిగింది అమ్మ.

"తెల్లంగా, పల్చంగా ఉండల్ల చెల్లెమ్మా. ఆదివారం అంగళ్ళన్నీ మూసుండాయి."

అమ్మ డబ్బా మూత తీసింది.

కిటికీలు మూసేశారు. పాట మొదలైంది. గోడ మీద పసుపు, ఎరుపు, నీలం ముద్దలు ఒకదాన్నొకటి మింగుతూ, విడిపోతూ కదిలాయి. వేడెక్కిన శెనగనూనె వాసన మెల్లగా హాలంతా కమ్ముకుంది. ముందు వరసలో ఒక కుర్రాడు గట్టిగా గాలి పీల్చి పక్కవాడితో ఏదో అన్నాడు. అమ్మ నా చెవి దగ్గర, "మన పీర్ల పండగలో గుండం మండుతాన్నట్ల ఉండాదే" అంది. భయపడుతుందేమో అనుకున్నాను. ఆమె కాళ్ళు మడిచి కుర్చీలో సర్దుకు కూర్చుంది.

అన్న ఎడమ పక్కన, వెలుతురు సరిగా పడని చోట నిలబడి ఉన్నాడు. పన్నెండు నిమిషాల్లో ఒక్కసారి కూడా తలెత్తలేదు. అయిపోయాక బయట మెట్ల మీద మా పక్కన కూర్చున్నాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుని అడిగింది.

"నువ్వు యాడ వాయించినావురా? నాకు ఆ తెల్లోని గిటారే ఇనపడింది."

"నేను ఆపింటే తెల్సేది మా."

"అదేం పనిరా, ఆపితేనే తెల్సేది?"

అన్న నవ్వాడు. "రైలు పోతాంటే పట్టాలను ఎవురు సూస్తారు?"

"మీ నాయన సూస్తాడు" అంది అమ్మ.

అతను మళ్ళీ నవ్వలేదు. నాయన ఆయాసం ఎలా ఉందని అడిగాడు. రన్నింగ్ రూములకు మిల్లు పరుపులు వస్తున్నాయని, పని తగ్గిందని చెప్పాం. ఆ సాయంత్రం రైలెక్కించేటప్పుడు నాయనకోసం ఒక ఉన్ని మఫ్లరు ఇచ్చాడు. ఎవరిచ్చారని నాయన అడగలేదు. దుమ్ము పని చేసేటప్పుడు ముక్కుకు కట్టుకున్నాడు.

మరుసటి ఏడు, బొంబాయిలో దేశమంతటి కుర్రాళ్ళ బృందాలకూ పోటీ పెట్టారు. గ్లాస్ ట్రెయిన్ చివరి ఆరింటిలో నిలిచింది. బహుమతి రాలేదు గానీ నడిచే చెరువు పాటను కుదించి చిన్న రికార్డు చేశారు. మొదట చెప్పిన ఫోటో అప్పటిదే. తిరిగి వచ్చేటప్పుడు గుంతకల్లులో దిగి, మీటర్ గేజి చిన్న లైను బండి పట్టుకుని బెంగుళూరు వెళ్ళాలి. బొంబాయి బండి ఆలస్యమై ఆ బండి తప్పిపోయింది. తర్వాతి బండి సాయంత్రానికి గానీ లేదు. ఏప్రిల్ నెల, ప్లాట్‌ఫారం పెనంలా కాలుతోంది. డ్రమ్ముల పెట్టెల మీద ముగ్గురూ కూర్చుని ఉండగా యేసన్న చూశాడు. అప్పటికి ఆయన షంటింగ్ ఇంజన్ డ్రైవరయ్యాడు.

"రే జిలానూ! ఊరికే కూచుంటారేందప్పా? ఇన్‌స్టిట్యూట్ తలుపు తీయిస్తా, రాండి" అని లాక్కుపోయాడు.

గంటలో వార్త రైల్వే కాలనీ అంతా పాకింది. నేను పరుగెత్తి ఇంట్లో చెప్పాను. అమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. నాయన పరుపు కుడుతూ సూది ఆపకుండానే, "పని ఉండాది" అన్నాడు.

ఇన్‌స్టిట్యూట్ నిండిపోయింది. మసి బట్టలతో లోకో షెడ్డువాళ్ళు, టిక్కెట్ కలెక్టర్లు, వాళ్ళ ఆడవాళ్ళు, చర్చివాళ్ళు, మా వీధివాళ్ళు. రెండు పాటలు అయ్యాయి. జనం అర్థం చేసుకోవాలని గట్టిగా ప్రయత్నిస్తున్నారు. మూడోది నడిచే చెరువు. అందులో లీడ్ గిటార్ కేక పెట్టే చోటు ఒకటుంది. కెన్నెత్ కళ్ళు మూసుకుని సరిగ్గా దాన్ని అందుకోబోతుండగా కరెంటు పోయింది.

తిరుగుతున్న ఫ్యాన్లు మెల్లగా నిలిచాయి. కెన్నెత్ వేళ్ళు ఇంకా ఆడుతున్నాయి గానీ తీగల సన్నటి గీకుడు తప్ప ఏమీ లేదు. డ్రమ్ములకు కరెంటు అక్కర్లేదు కాబట్టి పొన్నప్ప ఒక్కడే కొడుతూ, ఏం చేయాలో తెలీక అన్న వైపు చూశాడు. ముందు వరసలోంచి యేసన్న లేచాడు. చూపిద్దామని తెచ్చిన తన పాత చెక్క గిటార్ ఎత్తి అన్న చేతికిచ్చాడు.

అన్న పనస గిటార్ దించి దాన్ని మెడకు తగిలించుకున్నాడు. మూడు దెబ్బలు, ఒక ఆగుడు.

అప్పటిదాకా అడుగున ఉండిపోయినది ఆ పూట పైకి వచ్చి వినిపించింది. మైకు లేకుండానే కెన్నెత్ గొంతు చించుకుని పాడాడు. లోకో షెడ్డువాళ్ళు నేల మీద బూట్లు తాటించడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు ముక్క రాని మా వీధి సుంకమ్మవ్వ కూడా చప్పట్లు కలిపింది. అన్న ఆ రోజు తలెత్తి జనాన్ని చూశాడు. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడు నాకు కిటికీ బయట నాయన కనిపించాడు. భుజాన ఏకువిల్లు ఉంది. ఎవరైనా అడిగితే ఇన్‌స్టిట్యూట్ పరుపులు చూడడానికి వచ్చానని చెప్పుకోవడానికి తెచ్చుకున్నట్టున్నాడు. నేను బయటికి వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన నన్ను చూడలేదు. కుడి చెయ్యి మాత్రం తొడ పక్కన చిన్నగా కదులుతోంది.

"నాయనా, లోపలికి రా."

"ఉండు." కాసేపు విన్నాడు. "ఆ మధ్యలో ఆపేది నాదే గదే పాపా?"

"నీదే నాయనా."

"ఎన్ని దినాల నుంచి కొడ్తాండాడు ఇట్ల?"

"మొదట్నుంచీ. బొంబాయిలో కూడా."

నాయన విల్లును ఇంకో భుజానికి మార్చుకున్నాడు. పాట అయిపోయి, చప్పట్లు అయిపోయి, జనం బయటికొచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. అన్న గుమ్మంలోకి వచ్చి ఆయన్ను చూసి ఆగిపోయాడు. నాయనే ముందు అన్నాడు.

"సన్నబడినావు. తిన్యావా?"

"లేదు నాయనా."

"మణికట్టు బిగబట్టి కొడ్తాండావు. అట్ల కొడితే ముప్పై ఏండ్లకే చెయ్యి పడిపోతాది. మోచెయ్యి నుంచి రావల్ల దెబ్బ." అన్న చేతిని పట్టుకుని, ఊపి చూపించాడు. తర్వాత కెన్నెత్‌నూ పొన్నప్పనూ చూసి, "ఈళ్ళను గూడా పిల్సుకొని రా. మీ అమ్మ ఉగ్గాని చేస్తాది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మా చిన్న ఇంట్లో కొత్త పరుపుల మీద కూర్చుని ముగ్గురూ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. కెన్నెత్ కారానికి కన్నీళ్ళు పెట్టుకుంటూ మూడోసారి వేయించుకున్నాడు. పొన్నప్ప నాయన విల్లు తీసుకుని కొట్టబోతే దూది ఇల్లంతా ఎగిరింది. నాయన అంతసేపు నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. నవ్వుకు ఆయాసం వచ్చి అమ్మ నీళ్ళు తాగించింది.

ఆ ఏడు చివరికి గ్లాస్ ట్రెయిన్ లేదు. కెన్నెత్ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. పొన్నప్ప మిలిటరీలో చేరాడు. ఇంకో బృందంవాళ్ళు అన్నను లీడ్ గిటార్ వాయించమని పిలిచారు. ఒక ఆదివారం వాయించి, వద్దని వచ్చేశాడు. "ముందర నిలబడితే నాకు కింద ఏమీ లేనట్ల ఉండాది పాపా" అని రాశాడు. బొంబాయి రికార్డు మాకు ఒకటే పంపాడు. అమ్మ దాన్ని మురిపెంగా కిటికీలో నిలబెట్టింది. గుంతకల్లు ఎండకు అది అప్పడంలా వంకర తిరిగింది. ఏ గ్రామఫోన్ పెట్టె మీదా తిరగలేదు. అమ్మ వారం రోజులు ఏడ్చింది. అన్న సెలవుకొచ్చి దాన్ని చూసి, పగలబడి నవ్వి, గోడకు మేకు కొట్టి తగిలించాడు.

కొన్నాళ్ళకు గౌస్ పీర్ మామ దగ్గర సెలవు తీసుకుని గుంతకల్లు వచ్చేశాడు. స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసే అంగడి పెట్టాడు. నాయన పొద్దునపూట వచ్చి అక్కడే బెంచీ మీద కూర్చునేవాడు. ఆదివారాలు అన్న యేసన్నకు తోడుగా చర్చిలో వాయించేవాడు. పాదిరిగారు మొదట సందేహించి, తర్వాత అతను లేని వారం ఎందుకు రాలేదని మా ఇంటికి మనిషిని పంపేవారు.

ఫాతిమాబీతో పెళ్ళయింది కూడా ఆ రోజుల్లోనే. ధర్మవరం పిల్ల, గడుసు మాట. పెళ్ళయిన పదో రోజు మధ్యాహ్నం నన్ను తోడు తీసుకుని అంగడికి అన్నం తెచ్చి, మా వదిన అన్నతో అంది.

"బొంబాయి దాకా పోయి వాయించినావంట గదా, ఏదీ, ఆ పాట వాయించు."

అన్న గిటార్ తీసి వాయించాడు. పాట మొత్తం కాదు, తాను వాయించే భాగం. వదిన గిన్నె పట్టుకుని నిలబడి, ఇంకా ఏదో మొదలవుతుందని ఎదురుచూసింది. నేను నవ్వు ఆపుకోలేక గుమ్మం వైపు తిరిగాను.

"ఇంగేం లేదా?" అంది వదిన.

"లేదు. నేను కొట్టేది ఇంతే."

ఆమె గిన్నె బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. "బాగుండాది. ఇంగోసారి కొట్టు" అంది.